మీ ఊరి పాత బౌలింగ్ గ్రీన్ పోకుండా ఎలా కాపాడుకోవాలి

ఇంగ్లండ్‌లో ఉంటున్నవాళ్ళు ఈ స్థలాన్ని చూసే ఉంటారు. పబ్ వెనకాలో, కౌన్సిల్ పార్కులో ఓ మూలనో, చుట్టూ కత్తిరించిన పొదల కంచె, మధ్యలో దువ్వినట్టున్న గడ్డి, ఓ పక్కన చిన్న చెక్క పెవిలియన్. అదే బౌలింగ్ గ్రీన్. ఇవి ఒక్కొక్కటే మూతపడి ఇళ్ళ స్థలాలో కార్ పార్కులో అయిపోతున్నాయి. పడమటి వైపు డెవన్, సోమర్‌సెట్, గ్లోస్టర్‌షైర్ పబ్బుల్లో ఉండే స్కిటిల్ ఆలీలదీ (బంతితో పిన్లని పడగొట్టే ఆట ఆడే పొడవాటి చోట్లు) ఇదే పరిస్థితి, ఇంకో నాలుగు డైనింగ్ టేబుళ్ళు వేయాలనుకోగానే ముందు పోయేది అదే. మీ దగ్గర్లో అలాంటిది ఒకటి ఉండి, అది పోకూడదని మీకు గట్టిగా అనిపిస్తే ఏమేం చేయాలో వరసగా చెప్తాను. ఇదంతా ఇంగ్లండ్ చట్టం ప్రకారం. స్కాట్లండ్‌లో గ్రీన్లు చాలా ఉన్నాయి కానీ అక్కడి చట్టాలు వేరు, దారీ వేరు.

ఆట తెలియకపోతే రెండు ముక్కల్లో: ముందు జాక్ అనే చిన్న బంతిని దొర్లిస్తారు, తర్వాత ఎవరి పెద్ద బంతి దాని దగ్గర ఆగితే వాళ్ళకి పాయింటు. గోలీలాడినవాడికి అయిదు నిమిషాల్లో పట్టుబడుతుంది. తిరకాసంతా ఏమిటంటే పెద్ద బంతి తిన్నగా పోదు, దాన్ని ఒకవైపుకి వంపు తిరిగేలా చెక్కుతారు, దాన్నే బయాస్ అంటారు.

ఇప్పుడు రెండు చోట్ల సంగతి చెప్పాలి. సౌతాంప్టన్‌లో గాడ్స్ హౌస్ టవర్ దగ్గర ఉన్న ఓల్డ్ గ్రీన్‌లో 1299 నుంచి ఆడుతున్నారని చెప్తారు, ఇప్పటికీ ఆట నడుస్తున్న గ్రీన్లలో ప్రపంచంలోనే పాతది అని దానికి పేరు. అక్కడ 1776 నుంచీ ఒక పోటీ ఉంది, నెగ్గినవాళ్ళని ‘సర్’ అని పిలుస్తారు, ఒకసారి సర్ అయ్యాక మళ్ళీ ఆ పోటీలో ఆడకూడదు, టాప్ హ్యాటూ టెయిల్ కోటూ వేసుకుని కొత్తవాళ్ళ ఆటకి తీర్పు చెప్పాలి. ఇక న్యూయార్క్. మన్‌హాటన్ దక్షిణపు కొసన బౌలింగ్ గ్రీన్ అనే పార్కు ఉంది. 1733లో నగరం దాన్ని ఏడాదికి ఒక్క మిరియపు గింజ అద్దెకి లీజుకిచ్చింది. 1771 నాటి ఇనుప కంచె ఇప్పటికీ ఉంది, దానికి చట్టరక్షణ కూడా ఉంది. పేరుంది, కంచె ఉంది, చరిత్ర ఉంది, బంతి దొర్లించేవాళ్ళే లేరు. కాబట్టి మీరు ఏ కాగితం నింపుతున్నా, ఏ మీటింగుకి వెళ్తున్నా ఒకటే గుర్తుపెట్టుకోండి: అక్కడ ఆట నడుస్తూ ఉండాలి. చట్టం కూడా చాలా చోట్ల వాడకాన్నే చూస్తుంది, వాడకం ఆగిన స్థలాన్ని కాపాడటం ఎవరికైనా కష్టం.

మీ దగ్గరున్నది ఏ రకమో ముందు తెలుసుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ తర్వాత చాలా చోట్ల అక్కరకొస్తుంది. దక్షిణాన ఎక్కువగా కనిపించేది ఫ్లాట్ గ్రీన్, చదునుగా ఉంటుంది, చుట్టూ డిచ్ అనే చిన్న కాలవ ఉంటుంది, గ్రీన్‌ని రింకులు అనే పట్టీలుగా విడగొట్టి ఆ హద్దుల్లోనే ఆడతారు. ఉత్తరాన, మిడ్‌లాండ్స్‌లో, ఉత్తర వేల్స్‌లో క్రౌన్ గ్రీన్ ఉంటుంది, మధ్యలో కొన్ని అంగుళాలు ఉబ్బెత్తుగా ఉంటుంది, ఏ మూల నుంచి ఏ మూలకైనా ఆడొచ్చు, జాక్‌కి కూడా బయాస్ ఉంటుంది. బ్లాక్‌పూల్‌లో వాటర్లూ పబ్ గ్రీన్ దీనికి పెద్ద పేరు, 1907లో మొదలైన వాటర్లూ పోటీ అక్కడిదే. ఈ రెండూ కానివి కూడా ఉన్నాయి. లూయిస్ ఊళ్ళో కోట పక్కన ఉన్న గ్రీన్ అస్సలు చదునుగా ఉండదు, గతుకులు గతుకులుగానే ఉంటుంది, ఆ గతుకుల మీద ఆడటమే అక్కడి ఆట.

స్కిటిల్స్ అయితే బంతితో తొమ్మిది పిన్లని పడగొట్టడం. పడిన పిన్లని మళ్ళీ నిలబెట్టే కుర్రాణ్ణి ‘స్టికర్-అప్’ అంటారు, చాలా పబ్బుల్లో ఇప్పటికీ ఆ పని మనిషే చేస్తాడు. లండన్ పద్ధతి ఇంకా వేరు, హాంప్‌స్టెడ్‌లో ఫ్రీమేసన్స్ ఆర్మ్స్ పబ్ కింది గదిలో ఉన్నట్టు అక్కడ బంతి బదులు ‘చీజ్’ అనే బరువైన చెక్క బిళ్ళని విసురుతారు.

స్థలం ఎవరిది?

ల్యాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో 7 పౌండ్లు కడితే టైటిల్ రిజిస్టర్ వస్తుంది, ఇంకో 7 కడితే ప్లాన్ వస్తుంది. రెండూ తీసుకోండి. చూడాల్సినవి మూడు. యజమాని పేరు, అంటే కౌన్సిలా, పబ్ కంపెనీయా, పాత ట్రస్టా. తర్వాత గ్రీన్‌ కూడా ఆ హద్దు లోపలే ఉందా, లేక పబ్ ఒక టైటిల్ మీద, గ్రీన్ ఇంకో టైటిల్ మీద ఉన్నాయా. చివరగా కవనెంట్లు, అంటే స్థలం వాడకం మీద దస్తావేజులో రాసిన షరతులు. వందేళ్ళ కింద స్థలం ఇచ్చిన ఆసామి ‘ఇక్కడ ఆట తప్ప ఇంకేమీ చేయరాదు’ అని రాయించి ఉండొచ్చు, అది ఇప్పటికీ చెల్లుబాటు కావచ్చు. అసలు రిజిస్టరే కాలేదని వస్తే కంగారు పడకండి, చాలాకాలంగా చేతులు మారని స్థలాలకి అలా ఉంటుంది, పాత దస్తావేజులు క్లబ్ బీరువాలోనో కౌంటీ రికార్డ్ ఆఫీసులోనో వెతకాలి.

క్లబ్ లీజు మీద ఉంటే ఆ లీజు కాగితాన్ని ఒకసారి మొత్తం చదవండి, సెక్రటరీ చెప్పింది విని ఊరుకోకండి. ముఖ్యంగా 1954 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం మాట ఎక్కడొస్తుందో చూడండి. ఆ చట్టం కింద వ్యాపార అద్దెదారుకి గడువు అయ్యాక కూడా కొనసాగే హక్కు ఉంటుంది, సభ్యుల క్లబ్బు నడపటం కూడా ఆ లెక్కలోకి వస్తుందని ఒక టెన్నిస్ క్లబ్ కేసులో కోర్టు తేల్చింది. అందుకే కొత్త లీజు ఇచ్చేటప్పుడు యజమానులు ఆ హక్కు వదులుకుంటున్నట్టు ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. ‘మామూలు ఫార్మాలిటీ’ అంటారు. సంతకం పెట్టేముందు లాయరుకి చూపించండి, ఈ ఒక్క ఖర్చుకి మాత్రం వెనకాడొద్దు.

ఆధారాలు పోగేయండి

చరిత్ర ఉందని మీకు తెలిస్తే చాలదు, కాగితం మీద కనిపించాలి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వెబ్‌సైటులో పాత ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపులు ఉచితంగా చూడొచ్చు, ఇంగ్లండ్‌వి కూడా ఉంటాయి. మీ ఊరు వెతికి, ఒక్కో ఎడిషన్‌లో గ్రీన్ ఉందో లేదో చూసి స్క్రీన్‌షాట్లు తీసి ఏడాది రాసుకోండి. ‘బౌలింగ్ గ్రీన్’ అని మ్యాపు మీద అక్షరాలుంటే అదే బలమైన సాక్ష్యం. వీధి పేరు మాత్రం సాక్ష్యం కాదు, లండన్ క్లర్కెన్‌వెల్‌లో బౌలింగ్ గ్రీన్ లేన్ ఉంది, గ్రీన్ ఎప్పుడో పోయింది.

తర్వాత మినిట్స్ పుస్తకాలు, పోటీ కప్పుల మీద చెక్కిన పేర్లు, పెవిలియన్ గోడ మీద ప్రెసిడెంట్ల పేర్ల బోర్డు. వీటన్నిటికీ పగటి వెలుతురులో ఫోటోలు తీయండి. పాత సభ్యుల ఇళ్ళల్లో ఉండే ఫోటోల్లో వెనకాల పెవిలియన్, హెడ్జ్, గడియారం కనిపిస్తే ఇంకా మంచిది, ఏది ఎప్పటిదో చెప్పడానికి అవే పనికొస్తాయి. అసలు పుస్తకాల్ని కౌంటీ రికార్డ్ ఆఫీసుకి ఇచ్చేసి కాపీలు మీ దగ్గర పెట్టుకోమని నా సలహా, పెవిలియన్‌లో తడికి, ఎలుకలకి పోయిన మినిట్స్ పుస్తకాలు మళ్ళీ రావు.

చరిత్ర రాసేటప్పుడు కోతలు కోయకండి. ‘వెయ్యేళ్ళ గ్రీన్’ అని రాస్తే ప్లానింగ్ ఆఫీసరు మిగతాది కూడా నమ్మడు. 1541లో ఎనిమిదో హెన్రీ కాలంలో కూలీలు, చేతిపనివాళ్ళు, నౌకర్లు క్రిస్మస్‌కి తప్ప బౌల్స్ ఆడకూడదని చట్టం చేశారు, అది 1845 దాకా పుస్తకాల్లో ఉంది. గడ్డి కోసే మెషీన్‌ని ఎడ్విన్ బడింగ్ కనిపెట్టింది 1830లో. మామూలు జనం ఆడుకునే గ్రీన్లు ఎక్కువగా ఆ తర్వాత కాలానివే. మీది 1890ల నాటిదైతే 1890ల నాటిదనే రాయండి, అది కూడా గొప్పే.

కమ్యూనిటీ ఆస్తిగా నమోదు చేయించండి

ఇది అన్నిటికన్నా ముందు చేయాల్సిన అర్జీ, అమ్మకం ఊసు లేనప్పుడే చేయాలి. 2011 లోకలిజం చట్టం కింద, జనానికి ఉపయోగపడే ఏ స్థలాన్నయినా ‘అసెట్ ఆఫ్ కమ్యూనిటీ వాల్యూ’గా నమోదు చేయమని కౌన్సిల్‌ని అడగొచ్చు. ఫీజు లేదు. ప్యారిష్ కౌన్సిల్ అడగొచ్చు, రిజిస్టరైన సొసైటీ అడగొచ్చు, అదేమీ లేకపోతే స్థానిక ఓటర్ల జాబితాలో ఉన్న 21 మంది ఒక గ్రూపుగా ఏర్పడి అడగొచ్చు.

ఇక్కడ మనవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. బ్రిటన్‌లో ఉండటానికి వీసా ఉన్న భారత పౌరులు కామన్‌వెల్త్ పౌరులుగా ఇక్కడ ఓటరుగా నమోదు కావచ్చు, బ్రిటిష్ పాస్‌పోర్టు అక్కర్లేదు. వచ్చి ఏళ్ళవుతున్నా నమోదు చేసుకోనివాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. మీరు, మీ ఆవిడ, పక్కింటి తెలుగువాళ్ళు నమోదు చేసుకుంటే ఆ 21లో నలుగురు మీ వాకిట్లోనే దొరికినట్టు.

ఫారంలో రెండు ప్రశ్నలే కీలకం. ఇప్పుడు ఇక్కడ జరిగేది జనం బాగుకి ఎలా ఉపయోగపడుతోంది, ఇక ముందు కూడా అలా నడిచే అవకాశం ఉందా. మొదటిదానికి ‘ఎంతో విలువైన వారసత్వం’ లాంటి మాటలు వద్దు. మంగళవారం సాయంత్రం ఎంతమంది ఆడతారు, లీగు మ్యాచులు ఎప్పుడు, భర్త పోయాక ఇంట్లోంచి బయటికి రాని పెద్దావిడ వారానికి రెండుసార్లు ఇక్కడికే వస్తుంది, స్కూలు పిల్లలకి కోచింగ్ ఎప్పుడు, ఇలాంటివి రాయండి. మ్యాపు మీద ఎర్ర గీత గీసేటప్పుడు గ్రీన్, డిచ్, పెవిలియన్, లోపలికొచ్చే దారి అన్నీ లోపల పడేలా చూసుకోండి. దారి వదిలేస్తే గ్రీన్ ఉండి కూడా వెళ్ళడానికి లేకుండా పోతుంది.

కౌన్సిల్ 8 వారాల్లో తేల్చాలి. ఒప్పుకుంటే 5 ఏళ్ళు నమోదులో ఉంటుంది, తర్వాత మళ్ళీ అడగాలి, ఆ తారీఖు ఇప్పుడే క్యాలెండర్‌లో వేసుకోండి. యజమాని అమ్మాలనుకుంటే ముందు కౌన్సిల్‌కి చెప్పాలి. అప్పటి నుంచి 6 వారాల్లోగా ‘మేం కొనడానికి ప్రయత్నిస్తాం’ అని మీరు రాసిస్తే, యజమాని నోటీసిచ్చిన రోజు నుంచి లెక్కేసి 6 నెలలపాటు బయటివాళ్ళకి అమ్మడానికి వీల్లేదు. అయితే నమోదు అర్జీ పెట్టడానికి సరిపోయే ఆ 21 మంది గ్రూపు, ఈ 6 నెలల గడువు అడగడానికి సరిపోదు. దానికి రిజిస్టరైన సంస్థ కావాలి, అంటే చారిటీయో, కమ్యూనిటీ బెనిఫిట్ సొసైటీయో, ప్యారిష్ కౌన్సిలో. ఈ 6 వారాల్లో సంస్థ పెట్టడం పెద్ద టెన్షన్, ముందే పెట్టుకుని ఉంచండి.

ఇందులో ఉన్న లొసుగులు కూడా చెప్పాలి. 6 నెలలయ్యాక యజమాని మీకే అమ్మాలని ఏమీ లేదు, ఎవరికైనా అమ్మొచ్చు. పబ్‌ని నడుస్తున్న వ్యాపారంగా అమ్మితే ఈ ఆపుదల వర్తించదు. అంటే ఈ నమోదు మీకిచ్చేది టైము మాత్రమే. కానీ ప్లానింగ్ అప్లికేషన్ వచ్చినప్పుడు ఈ నమోదుని కౌన్సిల్ లెక్కలోకి తీసుకోవచ్చు, అది పెద్ద ప్రయోజనం. ఈ చట్టాన్ని మార్చి కమ్యూనిటీలకి ఇంకా బలమైన కొనుగోలు హక్కు ఇచ్చే ప్రయత్నం పార్లమెంటులో నడిచింది, కాబట్టి ఫారం వేసే రోజున కౌన్సిల్ పేజీలో గడువులు ఒకసారి సరిచూసుకోండి.

లిస్టింగ్ గురించి క్లుప్తంగా

లిస్టింగ్ అంటే విశేషమైన కట్టడాన్ని చట్టరక్షణ ఉన్న జాతీయ జాబితాలో చేర్చడం. దానికి హిస్టారిక్ ఇంగ్లండ్ అనే వారసత్వ సంస్థకి ఎవరైనా అర్జీ పెట్టొచ్చు. పెవిలియనో, స్కిటిల్ ఆలీ ఉన్న పబ్బో నిజంగా విశేషమైన కట్టడమైతే లిస్టింగ్ వస్తుంది. అది కట్టడాన్ని కాపాడుతుంది, అందులో బౌల్స్ ఆడి తీరాలని ఎవరికీ చెప్పదు. మామూలు 1930ల చెక్క పెవిలియన్‌కి జాతీయ లిస్టింగ్ దొరకడం కష్టం, కౌన్సిల్ సొంత లోకల్ లిస్టులో చేర్పించడం తేలిక. ‘విలేజ్ గ్రీన్‌గా రిజిస్టర్ చేయించు’ అని కూడా ఎవరో ఒకరు సలహా ఇస్తారు. దానికి 20 ఏళ్ళు ఎవరి అనుమతీ లేకుండా జనం వాడి ఉండాలి. లీజు తీసుకుని ఆడే క్లబ్ అనుమతితో ఆడుతున్నట్టే లెక్క, కాబట్టి చాలా గ్రీన్లకి అది పనిచేయదు, దాని మీద ఏడాది వృథా చేసుకోకండి.

కౌన్సిల్ గ్రీన్ అయితే ఇంకో మంచి దారి ఉంది. 1925లో పెట్టిన ఫీల్డ్స్ ఇన్ ట్రస్ట్ అనే సంస్థ యజమానితో దస్తావేజు రాయించుకుంటుంది, ఆ స్థలం ఎప్పటికీ ఆటలకే ఉండాలని. యజమాని ఒప్పుకుంటేనే కుదురుతుంది, అందుకే ఎన్నికల ముందు కౌన్సిలర్ల దగ్గర ఈ మాట ఎత్తండి.

ప్లానింగ్ అప్లికేషన్ వస్తే

అభ్యంతరాలు రాయడానికి మామూలుగా 21 రోజులు టైము ఇస్తారు. మొదటి రోజే అన్ని కాగితాలూ డౌన్‌లోడ్ చేసుకోండి. మీ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం జాతీయ ప్లానింగ్ విధానం, అందరూ ఎన్‌పీపీఎఫ్ అంటారు. ఆట స్థలాల మీద కట్టడాలు కట్టకూడదని అందులో స్పష్టంగా ఉంది, మూడు మినహాయింపులతో: ఆ స్థలం అవసరానికి మించి ఉందని ఒక అధ్యయనం స్పష్టంగా చూపించాలి, లేదా అంతే మంచిది ఇంకోటి కట్టివ్వాలి, లేదా దాని బదులు కట్టేది కూడా ఆటలకే అయ్యి దాని ప్రయోజనం పోయేదానికన్నా ఎక్కువ ఉండాలి. డెవలపర్ ఈ మూడింట్లో దేన్ని పట్టుకున్నాడో చూసి దాని మీదే రాయండి.

ఎక్కువగా వచ్చే వాదన ‘రెండు మైళ్ళ దూరంలో ఇంకో గ్రీన్ ఉందిగా’ అని. మొదట రకం తెలుసుకోమన్నది ఇందుకే. మీది క్రౌన్ గ్రీన్ అయ్యి అక్కడిది ఫ్లాట్ గ్రీన్ అయితే అది ప్రత్యామ్నాయం కాదు, బంతులు వేరు, రూల్సు వేరు, లీగులు వేరు. ప్లానింగ్ ఆఫీసర్లకి ఈ తేడా తెలియకపోవచ్చు, రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించండి.

ఇంకో వాదన ‘ఎలాగూ ఎవరూ ఆడటం లేదు’. ముందు క్లబ్‌ని ఖాళీ చేయించడం, తాళం వేయడం, రెండు వేసవులు గడ్డి పెరగనిచ్చి అప్పుడు అప్లికేషన్ పెట్టడం, ఈ వరస చాలా ఊళ్ళల్లో జరుగుతోంది, చూస్తే కడుపు రగిలిపోతుంది. తాళం పడిన రోజే తారీఖుతో ఫోటో తీయండి, మళ్ళీ ఆడతామని యజమానికి రాతపూర్వకంగా అడగండి, వాళ్ళు కాదన్న జవాబు దాచుకోండి. ఆడేవాళ్ళు లేక ఆగిందా, ఆడనివ్వక ఆగిందా అన్నది ఆ ఉత్తరాలే చెప్తాయి.

ఫుట్‌బాల్, క్రికెట్ మైదానాల విషయంలో కౌన్సిల్ స్పోర్ట్ ఇంగ్లండ్ అనే ఆటల సంస్థని తప్పనిసరిగా సంప్రదించాలి. ఆ చట్టపు జాబితాలో బౌల్స్ లేదు. అందువల్ల వాళ్ళకి దానంతట అదే కబురు వెళ్తుందని అనుకోవద్దు, మీరే రాయండి, ఫ్లాట్ గ్రీన్ అయితే బౌల్స్ ఇంగ్లండ్‌కి, క్రౌన్ గ్రీన్ అయితే బ్రిటిష్ క్రౌన్ గ్రీన్ బౌలింగ్ అసోసియేషన్‌కి కూడా.

అభ్యంతరాల్లో ‘మా ఇంటి రేటు పడిపోతుంది’, ‘కిటికీలోంచి వ్యూ పోతుంది’ అని రాయొద్దు, వాటిని లెక్కలోకి తీసుకోరు. ఒకే ఉత్తరం కాపీ కొట్టి రెండొందల మంది పంపడం కన్నా ముప్ఫై మంది సొంత మాటల్లో రాసినది బాగా పనిచేస్తుంది. కమిటీ మీటింగులో మాట్లాడటానికి సాధారణంగా మూడు నిమిషాలు ఇస్తారు, ఒక్కరినే పంపండి, చరిత్రకి అర నిమిషం, మిగతాదంతా ఎన్‌పీపీఎఫ్ మీద. కౌన్సిలే అమ్ముతుంటే ఇంకొకటి గమనించండి: బహిరంగ స్థలాన్ని అమ్మేముందు స్థానిక పేపర్లో వరసగా రెండు వారాలు ప్రకటన వేసి అభ్యంతరాలు వినాలి. ఆ ప్రకటన ఏదో మూల చిన్న అక్షరాల్లో వస్తుంది, పేపరు చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి.

డబ్బు

పాత గైడ్లలో కమ్యూనిటీ ఓనర్‌షిప్ ఫండ్ అని ఉంటుంది, దాన్ని 2024 డిసెంబరులో మూసేశారు, దాని మీద ఆశ పెట్టుకోకండి. నేషనల్ లాటరీ హెరిటేజ్ ఫండ్ 10,000 నుంచి 2,50,000 పౌండ్ల దాకా ఒక అంచెలో గ్రాంట్లు ఇస్తుంది, దానికి చరిత్రతో పాటు కొత్త జనాన్ని ఎలా తెస్తారో చూపించాలి. కొనాల్సి వస్తే కమ్యూనిటీ షేర్లు అమ్మొచ్చు, ఎన్ని షేర్లు కొన్నా మనిషికి ఒకే ఓటు, అందుకే ఊళ్ళో నమ్మకంగా కొంటారు. క్లబ్‌ని కమ్యూనిటీ అమెచ్యూర్ స్పోర్ట్స్ క్లబ్‌గా నమోదు చేయిస్తే బిజినెస్ రేట్లలో 80 శాతం తగ్గుతుంది, విరాళాల మీద గిఫ్ట్ ఎయిడ్ కూడా వస్తుంది. అర్హత ఉండి కూడా చేయించుకోని క్లబ్ అయితే ఏటా డబ్బు వదులుకుంటున్నట్టే.

గడ్డి

కాగితాలన్నీ నెగ్గి గడ్డి చచ్చిపోతే ఏం లాభం? దీనికి ఎంత శ్రద్ధ కావాలో బయటివాళ్ళకి తెలియదు. ఆట ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, కానీ గ్రీన్ బాగుండేదీ పాడయ్యేదీ మిగతా ఆర్నెల్లలోనే.

ముందు ఒక పరీక్ష చేయండి. పదునైన చాకుతో గ్రీన్ అంచు దగ్గర వేలెడంత లోతు ముక్క కోసి పైకి తీయండి. పైన పచ్చటి పోచలు, కింద మట్టి, రెండిటికీ మధ్య గోధుమరంగులో పీచులాంటి పొర కనిపిస్తుంది. అదే థాచ్, చచ్చిన గడ్డి పేరుకున్నది. బొటనవేలితో నొక్కి చూడండి. నీళ్ళు ఊరి స్పాంజిలా దిగితే, మందం సెంటీమీటరు దాటితే గ్రీన్ ఊపిరాడక ఉందన్నమాట. బంతి నెమ్మదిగా పోతోందని ఆటగాళ్ళు గొణిగేదీ, వానాకాలం నీళ్ళు నిలిచేదీ, తెల్ల మచ్చల తెగులు వచ్చేదీ చాలావరకు దీనివల్లే. చూశాక ముక్కని ఉన్నచోటే పెట్టి కాలితో అదిమేయండి.

సీజన్ అవ్వగానే, సెప్టెంబరు చివర్లో మట్టి ఇంకా వెచ్చగా ఉండగానే, స్కారిఫయర్‌తో ఆ పీచుని గీకి తీయించండి, గొట్టపు మేకుల మెషీన్‌తో కన్నాలు పొడిపించి, ఆ మట్టి గొట్టాల్ని ఊడ్చి, విత్తనం చల్లి, పైన టాప్ డ్రెస్సింగ్ (ఇసుక కలిపిన మట్టి) సన్నగా పరవండి. వేసవిలో కోత ఎత్తు 5 మిల్లీమీటర్ల దగ్గర, చలికాలం 8 దగ్గర. చలికాలంలో కూడా గడ్డి కొద్దికొద్దిగా పెరుగుతుంది, వదిలేయకూడదు. పొద్దున్నే పొడవాటి పలుచటి కర్రతో గ్రీన్ మీది మంచుబొట్లు దులపడం వెర్రిపనిలా కనిపిస్తుంది కానీ తడి ఆరితే ఫ్యూసేరియం అనే ఫంగస్ తగ్గుతుంది, ఖర్చు లేని మందు ఇదే. నీళ్ళు రోజూ చిలకరించడం కన్నా విడిచి విడిచి లోతుకి దిగేలా పెట్టండి.

‘లేజర్‌తో లెవెల్ చేసి కొత్త గడ్డి వేస్తాం’ అని వచ్చే కాంట్రాక్టర్లతో జాగ్రత్త. క్రౌన్ గ్రీన్‌కి ఆ ఉబ్బే ప్రాణం, లూయిస్ లాంటి గ్రీన్‌కి గతుకులే ప్రాణం, దాన్ని చదును చేస్తే స్థలం మిగిలి ఆట పోయినట్టే. పాత గ్రీన్లు కొన్నిటికి కంబర్లండ్ టర్ఫ్ వేశారు, ఉత్తరాన సాల్వే తీరపు ఉప్పు చిత్తడి నేలల్లో కోసి తెచ్చిన సన్నటి గడ్డి అది. మీదాన్లో అది ఉందో లేదో మినిట్స్ పుస్తకంలో వెతక్కుండా పైపొర చెక్కేయనివ్వకండి.

స్కిటిల్ ఆలీ అయితే శత్రువు తడి. చెక్క నేల కింద గాలి ఆడే కన్నాలు మూసుకుపోయాయేమో చూడండి, మెరుపు కోసం మళ్ళీ మళ్ళీ సాండింగ్ చేయించి పలకని పలచబరచకండి, పాత పిన్ల సెట్టు అరిగినా పారేయకుండా ఒకటి ఉంచండి, కొత్తవి లేత్ మీద చేయించాలంటే చెక్క పనివాడికి కొలత అదే.

మనుషులు

సభ్యుల సగటు వయసు ఎక్కువైతే ఏ గ్రీన్‌కైనా ముప్పే. మన పిల్లల్ని క్రికెట్‌కీ స్విమ్మింగ్‌కీ తిప్పుతాం, పక్కనే ఉన్న ఈ ఆట కంటికి ఆనదు. 2022 కామన్‌వెల్త్ గేమ్స్‌లో లీమింగ్‌టన్ స్పా విక్టోరియా పార్కు గ్రీన్ మీద లవ్లీ చౌబే, పింకీ, నయన్‌మోని సైకియా, రూపారాణి తిర్కీ దక్షిణాఫ్రికాని 17-10తో ఓడించి ఇండియాకి లాన్ బౌల్స్‌లో మొదటి గోల్డ్ తెచ్చారు. ఆ వీడియో చూపిస్తే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ‘మనమూ ఆడొచ్చా’ అనే.

ఆడొచ్చు. అమ్మానాన్నలు ఇండియా నుంచి ఆర్నెల్లకి వచ్చినప్పుడు ఇంట్లో టీవీ ముందు కూర్చోపెట్టే బదులు తీసుకెళ్ళండి, మెట్లు లేవు, పరుగు లేదు, మాట రాకపోయినా ఆట అర్థమవుతుంది. మోకాళ్ళ నొప్పులుంటే వంగకుండా బంతి వదిలే పట్టుకర్ర కూడా ఉంటుంది, అడగండి. చాలా క్లబ్బులు సీజన్ మొదట్లో ఓపెన్ డే పెడతాయి, బంతులు వాళ్ళే ఇస్తారు. గేటు మీద నోటీసు కనిపించకపోతే సెక్రటరీకి ఒక ఈమెయిల్ పెట్టి ఎంతమంది వస్తున్నారో చెప్పండి. హీల్ లేని, అడుగు చదునుగా ఉన్న బూట్లు వేసుకుని వెళ్ళండి, వేరేవి వేసుకుంటే గ్రీన్ మీదకి రానివ్వరు.